కూర్చున్నందుకు ఎంత?

వాది: అమీర్‌పేట మెట్రో దిగి పంజాగుట్ట వైపు నడిస్తే ఈ ఊళ్లో దొరకనిదంటూ లేదక్కా. మైత్రీవనం దగ్గర జావా నేర్పుతారు, నిమ్స్‌లో గుండెకు వైద్యం చేస్తారు, నగలు, చీరలు, పుస్తకాలు, ఫోన్ల బాగుచేత అన్నీ ఉన్నాయి. సత్యం థియేటర్ పోయిన చోట 2023లో ఏఏఏ సినిమాస్ కూడా వచ్చింది. కానీ సాయంత్రం ఏడు దాటాక ఇద్దరు స్నేహితులు రెండు గంటలు తీరిగ్గా మాట్లాడుకుందామంటే చోటు లేదు. బీరు తాగాలనుకునేవాడికి రెండే దారులు. వైన్స్ పక్కన పర్మిట్ రూములో ప్లాస్టిక్ గ్లాసు పట్టుకుని నిలబడాలి, లేదా ప్రోస్ట్, బ్రాడ్‌వే లాంటి బ్రూవరీలున్న జూబ్లీహిల్స్ దాకా, మాదాపూర్ దాకా పోవాలి. ఈ రెంటికీ మధ్యన, చెవులు చిల్లులు పడే పాటలు లేకుండా, ఎదుటి మనిషి మొహం కనిపించేంత వెలుతురుతో, అక్కడే కాచిన తాజా బీరు, చిన్న చిన్న ప్లేట్లలో తినడానికి నాలుగు రకాలు పెట్టే తాపీ రెస్టారెంటు ఒకటి ఈ రోడ్డు మీద ఉండాలంటాను.

ప్రతివాది: చోటు లేదన్న మాట వరకు నీతో ఏకీభవిస్తా తమ్ముడూ. ఇరవై ఏళ్లుగా ఎస్సార్ నగర్‌లో ఆడపిల్లల హాస్టల్ నడుపుతున్నా, నాకు తెలియదా? క్లాసుకీ క్లాసుకీ మధ్య పిల్లలు జిరాక్సు షాపు మెట్ల మీద కూర్చుంటారు. అయితే కూర్చోవడానికి కట్టే కిరాయి బీరు రూపంలోనే ఎందుకుండాలి? ఇరానీ హోటల్లో వన్ బై టూ చాయ్ చెప్పి, రాజకీయాల నుంచి సినిమాల దాకా గంటలు గంటలు మాట్లాడుకున్న ఊరు ఇది. కప్పు ఖాళీ అయిందని ఎవడూ లేపేవాడు కాదు.

వాది: ఆ ఇరానీ హోటళ్లు ఏమయ్యాయో కూడా మీకు తెలుసు. మూలమలుపు స్థలాలు, రాతి పలక బల్లలు, పొద్దున్నుంచీ మరిగే డికాక్షన్. అవి ఒక్కొక్కటే మూతపడుతూ వచ్చాయి. జనం చాయ్ మానలేదు, స్థలం విలువ చాయ్ అందుకోలేనంత ఎత్తుకు పోయింది. పంజాగుట్ట మెయిన్ రోడ్డు మీద కిరాయి కట్టాలంటే ప్రతి కుర్చీ గంటకింతని సంపాదించాలి. చాయ్ కుర్చీ అంత సంపాదించదు. ఇవాళ చాయ్ దుకాణాల్లో కుర్చీలే ఉండవు చూడండి, నిలబడి తాగి పొమ్మంటారు. రెస్టారెంటు వ్యాపారంలో ఉన్నవాళ్లెవరినైనా అడగండి, వంటింట్లో ఖర్చులకు సరిపోతుంది, మిగిలేదంతా బారు కౌంటర్లోనే. మనం రెండు గంటలు కూర్చోగలిగేది ఆ మిగులు వల్లే.

ప్రతివాది: నిజం నీ నోటితోనే చెప్పావు. మిగులు గ్లాసులో ఉంది కాబట్టి యజమాని చూపు గ్లాసు మీదే ఉంటుంది. మొదటి గ్లాసు కిరాయికి పోతే మూడోది లాభానికి. నువ్వు తాపీ అంటున్నది నిన్ను మూడో గ్లాసు దాకా కూర్చోబెట్టే పద్ధతి. హ్యాపీ అవర్స్ ఎందుకు పెడతారు, ఒకటి కొంటే ఒకటి ఉచితం ఎందుకు? చిన్న ప్లేట్లలో ఉప్పూకారం దండిగా వేసేది ఎందుకు? దాహం కోసమే కదా.

వాది: ఉప్పు మాట ఒప్పుకుంటాను. పర్మిట్ రూములో వేయించిన పల్లీలు పెట్టేదీ అందుకే, చుక్కకు ముక్క తోడు రావడం మన దగ్గర కొత్తేమీ కాదు. ఇక్కడ నేను చూసేది తాగే తీరు. మన దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయేది స్ట్రాంగ్ బీరు. 650 మిల్లీలీటర్ల సీసాలో ఆల్కహాల్ ఎనిమిది శాతం దాకా ఉంటుంది, అంటే 52 మిల్లీలీటర్లు. దాన్ని పర్మిట్ రూములో పావుగంటలో గటగటా దించేసి బండెక్కేవాళ్లున్నారు. బ్రూవరీలో ఇచ్చే గోధుమ బీరు సుమారు ఐదు శాతం. 330 మిల్లీలీటర్ల గ్లాసులో పదహారూ పదిహేడు మిల్లీలీటర్లు. అంటే ఆ సీసా ఒక్కటి ఇలాంటివి మూడు గ్లాసులతో సమానం. పక్కన ప్లేటు, ఎదురుగా మనిషి, చేతిలో తక్కువ ఘాటు. మనిషి నిదానంగా తాగడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఏముంది?

ప్రతివాది: లెక్క బాగానే ఉంది. కాకపోతే ఆ లెక్క గ్లాసుకు వేశావు, మనిషికి వెయ్యలేదు. నిదానంగా తాగేవాడు ఎక్కువసేపు తాగుతాడు. మూడు గ్లాసులకు నీ బ్రూవరీ ఆ సీసాతో సమానమైపోతుంది, నాలుగోది ఆఫీసు వాళ్ల బలవంతం మీద వస్తుంది. పైగా తక్కువ తాగితే ఫరవాలేదన్న భరోసా కూడా ఇప్పుడు లేదు. ఆల్కహాల్ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది. ఆరోగ్యానికి హాని చెయ్యని మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో చెప్పింది. మన రాష్ట్రం సంగతి చూడు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో 43.3 శాతం తాగుతారు. ఇంత తాగే రాష్ట్రానికి తాగడానికి ఇంకో మంచి చోటు లేదనే కొరత ఉందంటావా?

వాది: ఆ సర్వేలోనే ఆడవాళ్ల అంకె 6.7. నాకు ఆ రెండు అంకెలూ కలిపి ఒక సంగతి చెబుతున్నాయి. మన దగ్గర తాగుడు మగవాళ్ల గుంపు వ్యవహారం. ఇంటికి తెలియకుండా, కుటుంబం చూడకుండా, వెలుతురు లేని చోట జరిగేది. చోటు ఇవ్వకపోతే తాగుడు తగ్గుతుందా అంటే, దానికి జవాబు మన చరిత్రే ఇచ్చింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. పక్క రాష్ట్రాల సరుకు దొంగదారుల్లో వచ్చింది, ఖజానాకు గండి పడింది, 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. ఉన్న తాగుడును ఎక్కడ, ఎలా ఉంచాలన్నదే మిగిలిన ప్రశ్న.

ప్రతివాది: నిషేధం ఓడిపోయిందన్న ఒక్క ముక్కలో దూబగుంటను దాటిపోకు. నెల్లూరు జిల్లాలో ఆ ఊరి ఆడవాళ్లు సారా దుకాణం మూయించింది సిద్ధాంతం కోసం కాదు. ఇంటికి రావలసిన కూలి డబ్బులు దారిలోనే ఆగిపోతుంటే లేచారు. వాళ్లలో రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. వాళ్లు ఎదిరించింది దేన్నో గుర్తుందా? ఎనభైల్లో వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో ఊరూరికీ చేర్చింది. అంతకుముందు తాగాలంటే నడిచి పోవాల్సిన వాడి గుమ్మం ముందుకు సరుకు వచ్చింది. దగ్గరగా ఉంటే ఎక్కువ తాగుతారని ఆ ఆడవాళ్లు ఏ సర్వే లేకుండానే గ్రహించారు. ఇప్పుడు నువ్వు మెట్రో మెట్ల కిందే బీరు ఉండాలంటున్నావు.

వాది: దగ్గరతనం తాగుడు పెంచుతుందన్నది కాదనలేను. ఆ పాయింటు మీదే. కానీ దూబగుంట కష్టాన్ని ఇక్కడికి అలాగే తేలేం అక్కా. అక్కడ పోయింది రోజుకూలి. మూడు నాలుగు వందలు పెట్టి గ్లాసు కొనేవాడి ఇంట్లో పొయ్యి ఆరిపోదు. ఆ ధరే ఒక కంచె.

ప్రతివాది: అయితే నా అసలు ఫిర్యాదు ఇప్పుడు విను. ఆ కంచె ఎవరికోసం? ఈ ఊళ్లో ఏ రోజు సరుకు ఆ రోజే అమ్ముడయ్యే, సీసాలో నిల్వ ఉండని, ఈ నేల మీదే పుట్టిన పానీయం ఒకటి ఎప్పటి నుంచో ఉంది. కల్లు. కల్తీ జరుగుతోందని 2004లో హైదరాబాద్‌లో కల్లు దుకాణాలు మూసేశారు. తెలంగాణ వచ్చాక 2014లో తెరిచారు. మరుసటి ఏడాదే, 2015లో, మైక్రోబ్రూవరీలకు నిబంధనలు వచ్చాయి. గౌడు చెట్టెక్కి దించిన దానికి పదేళ్లు తాళం, స్టీలు ట్యాంకులో కాచిన దానికి రాజమార్గం. కల్లు కాంపౌండులో కూర్చున్నవాణ్ని తాగుబోతు అంటారు. బ్రూవరీలో కూర్చున్నవాడికి రుచి తెలుసంటారు. నీ తాపీ రెస్టారెంటు అమ్మేది బీరు ఒక్కటే కాదు, ఆ మర్యాదను కూడా.

వాది: ఇది గట్టి దెబ్బే. బల్కంపేట ఎల్లమ్మకు బోనం తీసుకుపోయి కల్లు సాక పోసే ఊరు ఇది. అదే కల్లు తాగే మనిషిని చూసి మొహం తిప్పుకుంటుంది. ఆ రెండు నాల్కలకు నా దగ్గర సమర్థన లేదు. కానీ 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి ప్రాణాలు పోయిన సంగతీ మనముందే ఉంది. ఈత చెట్టుకు, తాటి చెట్టుకు అందులో పాపం లేదు. చెట్లు లేని నగరంలో గిరాకీకి తగ్గ కల్లు దొరకదు కాబట్టి మత్తుమందు కలిపి నీళ్లను కల్లు చేస్తారు. బ్రూవరీలో తయారీ కళ్లముందు ఉంటుంది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని మరపట్టి, 65 డిగ్రీల దగ్గర వేడినీళ్లలో గంట సేపు ఉంచుతారు. గింజలోని పిండి చక్కెరవుతుంది. ఆ తీపినీళ్లను వడకట్టి, చేదుకూ వాసనకూ హాప్స్ పువ్వు వేసి గంట మరిగిస్తారు. చల్లార్చి ఈస్టు కలుపుతారు. ఏల్ రకాలైతే ఇరవై డిగ్రీల దగ్గర రెండు వారాలు, లాగర్ అయితే ఇంకా చల్లగా నెలకు పైగా పులియబెడతారు. బెల్జియం వాళ్ల గోధుమ బీరులో ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. ధనియాల వాసన ఎరిగిన మన ముక్కు దాన్ని వెంటనే పట్టేస్తుంది. ఈ పని తెలిసిన మనిషి పక్కనే ఉంటాడు, అడిగితే చెబుతాడు.

ప్రతివాది: అద్దం వెనక ట్యాంకు కనిపిస్తే తనిఖీ అయిపోయినట్టు కాదు. మెరిసే స్టీలు చూసి నమ్మడం, మట్టికుండ చూసి అనుమానించడం కూడా ఆ మర్యాదలో భాగమే. ఇంకొకటి. ఇక్కడే కాచాం, ఇక్కడిదే అంటారు. బార్లీ రాజస్థాన్ వైపు నుంచి వస్తుంది, హాప్స్ జర్మనీ నుంచో అమెరికా నుంచో. ఈ ఊరిది నీళ్లు ఒక్కటే, అవీ కృష్ణా గోదావరుల నుంచి పైపుల్లో తెచ్చుకున్నవే. లీటరు బీరుకు నాలుగైదు లీటర్ల నీళ్లు ఖర్చు. ఎండాకాలం ట్యాంకర్ కోసం అర్ధరాత్రి దాకా మేలుకునే హాస్టల్ దాన్ని నేను.

వాది: హాప్స్ మన ఎండకు పండదు, నిజం. నీళ్ల మాటా నిజమే. స్థానికం అనే మాటను వ్యాపారులు అరగదీశారు. అందుకే తీగ చుట్టిన గోడలు, ఇంగ్లిష్ బోర్డులు చూసి నేను మురిసిపోను, ప్లేటులో ఏం పెడతారో చూస్తాను. అమీర్‌పేటలో పెట్టే రెస్టారెంటు మెక్సికో చిప్స్ అమ్ముకుంటూ కూర్చుంటే నేనే పోను. హైదరాబాద్ బార్లు పేరు తెచ్చిన వంటకాలు తక్కువా? అపోలో ఫిష్ ఉంది, చికెన్ మెజెస్టిక్ ఉంది. పచ్చిమిర్చి, కరివేపాకు, పెరుగు మసాలాతో వాటికో వరస ఉంది. బోటీ వేపుడు, తలకాయ మాంసం, ఉల్లిపాయ నిమ్మకాయతో గుడాలు, సన్నగా చేసిన సర్వపిండి ముక్కలు, పాతబస్తీ లుక్మీ. ఇవన్నీ నాలుగు ముద్దల ప్లేట్లలో పెట్టొచ్చు. ఒక్కడే వచ్చినవాడు ఫుల్ ప్లేటు చెప్పి సగం వదిలేసే బాధ తప్పుతుంది, నలుగురొస్తే నాలుగు రుచులు పంచుకుంటారు. కారం ఎక్కువైన బోటీకి గోధుమ బీరు, మాడు వాసనున్న కబాబుకు నల్ల స్టౌట్. కల్లుకు గుడాలు ఎలా కుదిరాయో వీటికీ అలాగే జోడీలు కుదురుతాయి. తాగుడుకు తిండి తోడైతే అది భోజనం అవుతుంది. మన బార్లలో జరగనిది అదే.

ప్రతివాది: వింటుంటే నాకూ ఆకలేస్తోంది. కానీ పర్మిట్ రూము బయట బండి మీద ఆకులో పెట్టిచ్చే గుడాలు నీ రెస్టారెంటులో నల్లరాతి పలక మీదకెక్కి వందల్లోకి పోతాయి. నాలుగు ముద్దల ప్లేటు కడుపు నింపదు, కాబట్టి ఐదు ప్లేట్లు చెబుతారు. బిల్లు వచ్చేసరికి తిండికి జీఎస్టీ, మందుకు వ్యాటు వేరు. దాని కింద సర్వీస్ చార్జి. అడక్కుండా దాన్ని బిల్లులో కలపొద్దని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. అయినా తీసెయ్యమని అడగడానికి పక్కన స్నేహితులుంటే ఎవడికి నోరొస్తుంది?

వాది: ఆ బిల్లులో కనబడనివి కొన్ని ఉన్నాయి. శుభ్రమైన బాత్రూము, కుర్చీ, ఫ్యాను, ఎవరూ తోసుకోని దూరం. వీటికి పర్మిట్ రూములో డబ్బులిస్తామన్నా దొరకవు. అన్నిటికన్నా ముఖ్యం, అక్కడ ఆడమనిషి అడుగు పెట్టలేదు. సాధారణ బారులో కూడా ఫ్యామిలీ సెక్షన్ అని మెట్ల కింద ఓ చీకటి గది చూపిస్తారు. బ్రూవరీలో ఆడవాళ్లు ఆడవాళ్లతోనే వచ్చి కూర్చుంటారు. ఎవరూ తేరిపార చూడరు. అమీర్‌పేటలో వేలమంది అమ్మాయిలు చదువుతున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్లకు సాయంత్రం అనేది ఉండకూడదా?

ప్రతివాది: ఇక్కడ సగం నిజం చెప్పావు, ఆ సగాన్ని ఒప్పుకుంటాను. ఆడపిల్ల నిర్భయంగా కూర్చునే చోటు ఏదైనా ఊరికి మేలే. తాగే మగవాడి పక్కన తాగని ఆడమనిషి ఉంటే వాడు కాస్త మనిషిలా ఉంటాడన్నది కూడా చూశాను. మిగతా సగం నా హాస్టల్లోంచి చెబుతాను. కరీంనగర్ నుంచి, నల్లగొండ నుంచి, అనంతపురం నుంచి నాన్న అప్పు చేసిచ్చిన డబ్బుతో పిల్లలు కోర్సుకు వస్తారు. వాళ్లకు కావాల్సింది చూపుల బాధ లేని కుర్చీ. బీరు కాదు. అది బీరు దగ్గర మాత్రమే దొరుకుతుందంటే, కుర్చీ కోసం బీరు దాకా పోవాల్సి వస్తుంది. ఉద్యోగం వచ్చాక టీమ్ పార్టీ అని తీసుకుపోతారు. తాగనంటే నవ్వుతారు. బిల్లు మాత్రం తలకింత అని సమానంగా పంచుతారు. నిమ్మకాయ సోడా తాగిన పిల్ల పక్కవాడి నాలుగు గ్లాసులకు డబ్బు కడుతుంది.

వాది: తాగనివాళ్లను రెండో తరగతి అతిథులుగా చూసే ఏ చోటూ మంచి చోటు కాదు. తాటి ముంజల షర్బత్తు, సబ్జా నీళ్లు, అల్లం సోడా కూడా బీరంత శ్రద్ధగా చేసిపెట్టాలి. ఎవరి బిల్లు వాళ్లకు రావాలి. వయసు కార్డు చూడాలి. చట్టం 21 అంటోంది, మీసం చూసి వదిలెయ్యడం కుదరదు.

ప్రతివాది: కార్డు మాట ఎత్తావు కాబట్టి పంజాగుట్ట గురించి మాట్లాడదాం. 2016 జూలై 1. బారులో తాగి వచ్చిన ఇంజినీరింగ్ విద్యార్థుల కారు డివైడర్ దాటి ఎదుటి కారు మీద పడింది. ఒక కుటుంబంలో మూడు ప్రాణాలు పోయాయి, అందులో బడికి పోయే చిన్నపిల్ల ఉంది. ఊరంతా ఏడ్చింది. వయసు చూడకుండా పోసిన బారు ఎవరిదని నెల రోజులు అడిగారు, తర్వాత మర్చిపోయారు. ఆ బారు పర్మిట్ రూము కాదు. మంచి కుర్చీలు, మంచి ప్లేట్లు ఉన్న చోటే.

వాది: దానికి ఎదురు చెప్పే మాట నా దగ్గర లేదు, చెప్పబోను కూడా. ఒక్కటే అడుగుతాను. ఆ ప్రమాదం చూసి నేర్చుకోవాల్సింది ఏమిటి? తాగే చోటికి కారులో పోయి కారులో రావాల్సిన ఊరు కట్టుకున్నాం మనం. గచ్చిబౌలికి మెట్రో లేదు. అక్కడ అర్ధరాత్రి రోడ్డు మీద ఉండేది కార్లు, బైకులే. అమీర్‌పేటలో రెండు లైన్లు కలుస్తాయి. మియాపూర్ వాడు, ఎల్బీనగర్ వాడు, నాగోల్ వాడు, రాయదుర్గం వాడు ఒక్క స్టేషన్‌లో దిగి, అదే స్టేషన్‌లో ఎక్కి పోవచ్చు. రక్తంలో వంద మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే నేరమని చట్టం అంటోంది. బండి తాళమే లేనివాడు ఆ నేరం ఎలా చేస్తాడు? ఈ ఊళ్లో బీరుకు తగిన చోటు ఏదైనా ఉందంటే, అది రైలు పక్కనే.

ప్రతివాది: నీ వాదనలన్నిట్లో నన్ను కదిలించింది ఇదే. అయితే గడియారం చూడు. మెట్రో చివరి రైళ్లు రాత్రి పదకొండు ప్రాంతంలో. బార్లు పన్నెండు దాకా, వారాంతాల్లో ఒంటిగంట దాకా తెరిచే ఉంటాయి. వ్యాపారం బాగా సాగేది ఆ చివరి రెండు గంటల్లో. నీ తాపీ యజమాని పదింబావుకు లైట్లు ఆర్పి, చివరి రైలుందని జనాన్ని లేపుతాడా?

వాది: తనంత తానుగా లేపడు. పక్కవాడు తెరిచి ఉంచితే వీడు మూసుకోలేడు. నిబంధన ఉండాలి.

ప్రతివాది: ఆ నిబంధన ఎవరు రాస్తారు? బడికి, గుడికి వంద మీటర్ల లోపల మద్యం దుకాణం వద్దని నిబంధన ఉంది. విద్యాసంస్థ అంటే గుర్తింపు ఉన్న బడి, విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న కాలేజీ. కోచింగ్ సెంటర్ అందులోకి రాదు. దేశం నలుమూలల నుంచీ పిల్లలు వచ్చి చదివే అమీర్‌పేట, ఎక్సైజ్ పుస్తకంలో చదువుల చోటే కాదు. రాసేవాడికి రాబడి కావాలి. 2023లో రాష్ట్రంలోని 2,620 దుకాణాలకు సుమారు 1.32 లక్షల దరఖాస్తులు వచ్చాయి. దరఖాస్తుకు రెండు లక్షలు, తిరిగి ఇచ్చేది లేదు. ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు 2,600 కోట్లకు పైగా చేరింది. ఆ చేత్తోనే మూసే వేళ ముందుకు జరుపుతారంటావా?

వాది: ఆ ఆకలి వల్లే చిన్న తయారీదారు కావాలంటున్నాను. మన రాష్ట్రంలో సీసా బీరంతా ప్రభుత్వ కార్పొరేషన్ డిపోల మీదుగానే రావాలి. 2025 జనవరిలో బకాయిలు, ధరల పేచీతో కింగ్‌ఫిషర్ కంపెనీ సరఫరా ఆపేస్తానంది. ఫిబ్రవరిలో ప్రభుత్వం బీరు ధరలు పదిహేను శాతం పెంచింది. ఒక పెద్ద కంపెనీ, ఒక పెద్ద కొనుగోలుదారు పేచీ పడితే తాగేవాడు నోరు తెరుచుకుని చూడాలి. కాచిన చోటే అమ్ముకునే చిన్నవాడు ఆ గొలుసులో ఉండడు. వాడికి వీధిలో పేరు ముఖ్యం. ఈ రాత్రి గొడవ జరిగితే రేపు ఎదురింటివాళ్లకు మొహం చూపించాలి.

ప్రతివాది: లైసెన్సు ఫీజు కట్టినవాడు ఎంత చిన్నవాడైనా ఆ గొలుసులోనే ఉంటాడు తమ్ముడూ. అయినా నీ మాటలో ఒకటి నిలిచేది ఉంది. ఎదురింటివాళ్లకు జవాబు చెప్పుకునే వ్యాపారం, చెప్పుకోని వ్యాపారం కన్నా మెరుగు. మా వీధి వైన్స్ ముందు రాత్రి తొమ్మిదికి పిల్లలు రోడ్డు దాటి అవతలి పక్క నుంచి నడుస్తారు. దాని స్థానంలో నువ్వు చెప్పిన చోటు వస్తుందంటే కాదనను. దానికి తోడుగా వస్తానంటే మాత్రం ఒప్పుకోను. చరిత్రలో ఎప్పుడూ కొత్తది పాతదాని పక్కన చేరిందే గానీ, దాన్ని ఖాళీ చేయించలేదు.

వాది: అక్కడే మనం విడిపోతున్నాం. మంచిది వస్తే చెడ్డది మెల్లగా తగ్గుతుందని నా నమ్మకం. దానికి నా దగ్గర రుజువు లేదు, మీ భయానికి చరిత్ర ఉంది. అయినా నా షరతులు చెబుతాను. పదిన్నరకు ఆఖరి గ్లాసు. ఒకటికొకటి ఉచితం ఉండకూడదు. చిన్న గ్లాసు తప్పనిసరిగా దొరకాలి. గ్లాసు పక్కన అందులో ఎంత ఆల్కహాల్ ఉందో రాయాలి. అడక్కుండానే మంచినీళ్లు పెట్టాలి. తాగనివాళ్లకు సగం మెనూ, ఎవరి బిల్లు వాళ్లకు. వారంలో ఒక రోజు గౌడ సంఘం తెచ్చిన నీరా కూడా ఉండాలి. ఇలా నడిపే యజమాని వస్తే మీరు అభ్యంతరం చెబుతారా?

ప్రతివాది: అలాంటివాడు వస్తే వాడి మీద పిటిషన్ పెట్టను. మా పిల్లలను పొమ్మనీ చెప్పను. నీ షరతులన్నీ ఒక యజమాని మంచితనం మీద ఆధారపడ్డాయి, వాడు కిరాయి కట్టలేని నెల వచ్చిన రోజున ఒక్కొక్కటే రాలిపోతాయి. నేనడిగేది ఎవరి మంచితనం మీదా ఆధారపడదు. నెక్లెస్ రోడ్డులో 2023లో ప్రభుత్వం నీరా కేఫ్ కట్టగలిగింది కదా. అంటే కూర్చునే చోటు కట్టడం ప్రభుత్వానికి చేతకాని పనేమీ కాదు. ఇక్కడ మెట్రో స్తంభాల కింద నీడ ఉంది. పగటిపూట వేలమంది పిల్లలు ఉన్నారు. ఓ పఠన మందిరం, తాగే నీళ్లు, బాత్రూము, రాత్రి పది దాకా వెలిగే దీపాలు, అంతే. నువ్వు నీ యజమానిని వెతుక్కో, నేను నగరపాలక సంస్థకు అర్జీ పెడతాను. అర్జీ మీద నువ్వూ సంతకం పెట్టు.

వాది: పెడతాను. మీరు అడిగిన చోటు వచ్చినా, నేను అడిగిన చోటు అక్కర్లేదని మాత్రం అనను.

ప్రతివాది: అనొద్దు. చదువుకోవడానికి వచ్చిన పిల్ల పైసా ఇవ్వకుండా కూర్చోవడానికి అమీర్‌పేట, పంజాగుట్ట స్టేషన్ల మధ్య ముందు పది బల్లలు పడనీ. బీరు వాదన ఆ తర్వాత పెట్టుకుందాం, అప్పటికి కూర్చుని వాదించుకోవడానికి మనకూ చోటుంటుంది.